కందిపప్పు రెండొందలైన ఏడాది

మొన్న ఆదివారం పొద్దున్నే బెంగుళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, ఆ ఏడాది చేసేదానివి చూడు, పప్పు వెయ్యని పులుసు, అందులో గుడ్లు పగలగొట్టి వేసేదానివి, అదెలాగో చెప్పవా? నెలాఖరు, పర్సు ఖాళీ" అంది. చెప్పాను. అది వంట మొదలుపెట్టి ఫోన్ పెట్టేసింది. నేను మాత్రం చాలాసేపు ఆ ఫోన్ పట్టుకునే కూర్చున్నాను.

మా ఇంట్లో "ఆ ఏడాది" అంటే ఇంకో ఏడాది అనుకునే ప్రమాదం లేదు. 2015. ఆ ఏడాది జూన్‌లో మావారి ఉద్యోగం పోయింది.

ఆయన బాలానగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవారు. పద్నాలుగేళ్ళు అక్కడే. ఆ ఫ్యాక్టరీ మూసేశారు. వీధిన పడ్డవాళ్ళలో ఆయన ఒక్కరే కాదు, అందరూ పడ్డారు. కాకపోతే నలభై ఆరేళ్ళ వయసులో పడ్డవాళ్ళకి లేవడం కాస్త ఆలస్యం. "ఈ వయసులో మీరడిగే జీతానికి ఇద్దరు కుర్రాళ్ళొస్తారండీ" అని ఒకాయన మొహం మీదే చెప్పాడట. ఆ మాట ఆయన నాకు చెప్పింది మూడు నెలల తర్వాత.

అప్పటికి అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, అబ్బాయి ఆరో తరగతి. కూకట్‌పల్లిలో రెండు గదుల ఫ్లాటు, దాని మీద నెలకి పదకొండున్నర వేల వాయిదా. ఇంకో తమాషా చెప్పాలి. ఆ ఏడాది మార్చిలోనే గ్యాస్ సబ్సిడీ వదులుకోండి అని కేంద్రం పిలుపిచ్చింది కదా, మావారు ఏప్రిల్లో వదిలేసుకున్నారు. "మనకేం, జీతమొస్తోంది, లేనివాళ్ళకి పోనీ" అని. జూన్‌కల్లా ఆ లేనివాళ్ళు మేమే అయ్యాం. ఇప్పుడు చెప్పుకుని నవ్వుకుంటాం గానీ అప్పుడు సిలిండర్ వచ్చినప్పుడల్లా ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

సరిగ్గా అదే ఏడాది కందిపప్పుకి పిచ్చెక్కింది. మీకందరికీ గుర్తుండే ఉంటుంది. వరసగా రెండేళ్ళు వానలు సరిగ్గా పడలేదు, పంట తగ్గింది, ఉన్నది గోడౌన్లలో దాక్కుంది. జూన్‌లో నూట ఇరవై దాకా ఉన్నది అక్టోబరుకల్లా కిలో రెండొందలైంది. నేను బీఏలో తెలుగు చదివినదాన్ని, సామెతలంటే నాకు మహా ఇష్టం. అప్పు చేసి పప్పు కూడు అనే సామెతని వెక్కిరింతగా ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆ ఏడాది అది వెక్కిరింత కాదు, మా కిరాణా కొట్టు ఖాతా.

మొదటి నెల నాకేం తోచలేదు. కృష్ణా జిల్లా వాళ్ళం, పప్పు లేకుండా భోజనం అంటే బొట్టు పెట్టుకోకుండా పేరంటానికి వెళ్ళినట్టు అనిపించేది. మా పక్క ఫ్లాట్లో హన్మకొండ అక్క ఉండేది. ఒకరోజు నేను ఖాళీ డబ్బా దులుపుతుంటే చూసి, "పప్పు లేకుంటే అన్నం దిగదా ఏందమ్మా? పచ్చిపులుసు చేస్కో. మా దిక్కు ఎండాకాలమంతా గదే" అంది. అప్పటికి హైదరాబాద్ వచ్చి పదిహేనేళ్ళు, పచ్చిపులుసు పేరు వినడమే గానీ ఒక్కరోజు కూడా చెయ్యలేదు. ఆవిడ మా వంటింట్లోనే నిలబడి చేయించింది.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి అర లీటరు నీళ్ళలో పిసికి వడకట్టాలి. నాలుగు పచ్చిమిరపకాయలు నూనె లేకుండా పొయ్యి మంట మీదే బొబ్బలెక్కేదాకా కాల్చి, ఉప్పుతో కలిపి చేత్తో నలిపెయ్యాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, చిటికెడు బెల్లం, ఒక చెంచా వేయించిన నువ్వుల పొడి. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు. మరిగించే పనే లేదు. తాలింపుకి పట్టిన రెండు నిమిషాల గ్యాసే ఖర్చు. ఆ నువ్వుల పొడిలో ఉంది కిటుకంతా. అది లేకపోతే పుల్లనీళ్ళు, అది పడితే పులుసు.

ఆ రోజు నుంచి నాకు పట్టుదల వచ్చింది. ఒక నోటు పుస్తకం తీసి రోజూ ఖర్చు రాయడం మొదలుపెట్టాను. అంతకుముందు నెలకి వంటింటికి ఎనిమిదిన్నర వేల దాకా అయ్యేది, అందులో పాలు కూడా. దాన్ని సగం చెయ్యాలని నా పందెం.

నేను నేర్చుకున్నవి కొన్ని చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి.

రైతుబజారుకి పొద్దున్న కాకుండా సాయంత్రం చీకటి పడే ముందు వెళ్ళేదాన్ని. సరుకు మళ్ళీ మోసుకెళ్ళడం ఇష్టం లేక రైతులు ఆకుకూరలు కట్ట రేటుకి రెండు కట్టలిచ్చేవారు. వాడిపోయినట్టుండే తోటకూర ఇంటికొచ్చాక వేళ్ళు నీళ్ళలో ముంచి ఉంచితే గంటలో తలెత్తుతుంది. ఆకు వేపుడుకి, ముదురు కాడలు పులుసుకి. కాడలకి పీచు తీసి, వేలెడు ముక్కలు చేసి, చింతపండు పులుసులో బెల్లం, కాస్త బియ్యప్పిండి వేసి మరిగిస్తే నమిలి రసం పీల్చుకుంటూ తినొచ్చు. మా అబ్బాయి దానికి "శాకాహారుల బొమికలు" అని పేరు పెట్టాడు.

బీరకాయ కొంటే కూర ఒక పూటకి, తొక్కు పచ్చడి ఇంకో పూటకి. లేత తొక్కయితే నూనెలో బాగా మగ్గనిచ్చి, వేయించిన నువ్వులు, ఎండుమిర్చి, చింతపండు వేసి రుబ్బాలి. సొరకాయ తొక్కూ అంతే. కాలీఫ్లవర్ కాడలు పారేసేదాన్ని, అవీ పులుసులోకి చేరాయి. ముల్లంగి ఆకు పెసరపప్పులో వేస్తే, చెప్పకపోతే ఏ ఆకో ఎవరూ కనుక్కోలేరు.

పెసరపప్పు ధర అప్పట్లో కందిపప్పుతో పోలిస్తే చాలా నయం, పైగా త్వరగా ఉడుకుతుంది. హోటళ్ళ సాంబారులో పడే బఠాణీ పప్పు అన్నింటికంటే చవక. ఒట్టిగా చేస్తే వాసన వస్తుంది. పెసరపప్పులో మూడో వంతు కలిపి, ఇంగువ ఎక్కువ వేసి, అరగంట నానబెట్టి వండితే ఆ వాసన ఉండదు. ఉలవలయితే ఒక్క ఖర్చుతో రెండు వంటలు. రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించి, ఆ నీళ్ళు చారుకి తియ్యాలి. మిగిలిన ఉలవలు ఉల్లిపాయ, పచ్చిమిర్చితో తాలింపు వేస్తే సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి గుగ్గిళ్ళు.

పొద్దున్న టిఫిన్లకి మినప్పప్పు కొనేటట్టు లేదు, అదీ కందిపప్పు వెనకాలే పరుగెత్తింది. నూకలు తెచ్చి ఉప్పుడు పిండి చేసేదాన్ని. గుప్పెడు పెసరపప్పు తాలింపులో వేసి, ఒకటికి రెండు నీళ్ళు పోసి, మరిగాక నూకలు పోసి సన్న మంట మీద అడుగు ఎర్రగా మాడేదాకా ఉంచితే ఆ మాడు చెక్క కోసం పిల్లలిద్దరూ కొట్టుకునేవాళ్ళు. హన్మకొండ అక్క దగ్గర సర్వపిండి కూడా నేర్చుకున్నాను. బియ్యప్పిండి, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, కారం, కరివేపాకు కలిపి గిన్నె లోపలే అద్ది కాల్చడం. చల్లారినా బాగుంటుంది, అమ్మాయి డబ్బాలోకి అదే.

ఇక మా అమ్మాయి అడిగిన గుడ్డు పులుసు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేగాక పసుపు, కారం, చింతపండు రసం పొయ్యాలి. ఒక చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. బాగా మరిగేటప్పుడు మంట తగ్గించి గుడ్లు ఒక్కొక్కటిగా పగలగొట్టి మెల్లగా వదలాలి. గరిటె పెట్టకూడదు. మూత పెట్టి అయిదారు నిమిషాలు వదిలేస్తే ఒక్కో గుడ్డూ ముద్ద కట్టి పైకి తేలుతుంది. ఉడకబెట్టి, పెంకు తీసి, వేయించి చేసే పులుసు కంటే దీనికి గ్యాసూ నూనే తక్కువ.

రుచి విషయంలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. కంచంలో పుల్లనిది ఒకటి, కారంది ఒకటి, పళ్ళకింద కరకరలాడేది ఒకటి ఉంటే పిల్లలు ఎన్ని కూరలున్నాయని లెక్కపెట్టరు. ఆ కరకరలాడేది లేని రోజే "ఇవాళ కూడా పులుసేనా?" అనేవాళ్ళు. అందుకని వేసవిలో పెట్టుకున్న వడియాలు ప్రాణంలా దాచుకుని, పూటకి ఆరు లెక్కన వేయించేదాన్ని. అవి అయిపోయాక పల్లీలు. అవీ లేకపోతే, చెప్తే నవ్వుతారేమో, కరివేపాకు దోరగా వేయించి ఉప్పూకారం చల్లడం.

సెప్టెంబరు ఆఖరికి నా పుస్తకంలో వంటింటి ఖర్చు నాలుగు వేల మూడు వందలకి వచ్చింది. నా ఆనందం చెప్పలేను. ఉల్లిపాయలు బయట అరవై, డెబ్భై ఉన్నప్పుడు రైతుబజారులో సర్కారు ఇరవైకి అమ్మించింది, ఆ లైన్లో గంటలకొద్దీ నిలబడి తెచ్చినవాటితో సహా లెక్కంతా నాకు నోటికొచ్చు. వడ్డించేటప్పుడు చెప్పేదాన్ని. "ఇవాళ నలుగురికీ రెండు పూటలా కలిపి ఎంతయిందో చెప్పండి చూద్దాం?" పిల్లలు ఏదో అంకె చెప్పేవాళ్ళు. "కాదు, డెబ్భై రెండు రూపాయలే!" అని విజయగర్వంతో అనేదాన్ని. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. మావారు తలవంచుకుని తినేవారు. బాగుందన్నా బాగాలేదన్నా నాకు వినపడలేదు. నేను వినే స్థితిలో లేను.

దసరాకి మా వదిన, అంటే మావారి అక్కగారు, అన్నయ్యగారు, వాళ్ళ పిల్లలిద్దరూ గుడివాడ దగ్గర పల్లె నుంచి వచ్చారు. ఉద్యోగం పోయిన సంగతి వాళ్ళకి తెలియదు. మావారు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. "అక్క మనసు పాడు చేసుకుంటుంది. వచ్చాక చెప్తా, వచ్చాక" అని జూన్ నుంచి అక్టోబరు దాకా లాక్కొచ్చారు. అక్కాబావా వస్తున్నారని బయట నుంచి బిర్యానీ తెప్పిద్దామన్నారు. ఎనిమిది మందికి బిర్యానీ అంటే మాకు పదిహేను రోజుల కూరగాయలు. నేను ఒప్పుకోలేదు. "పండగ పూట ఇంట్లో వండిందే తినాలి, మీరు ఊరుకోండి" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ వంట నాకిప్పటికీ గర్వమే. తీపిగుమ్మడికాయ పులుసు, పులిహోర, బీరకాయ కూర, దాని తొక్కు పచ్చడి, బఠాణీ పప్పూ శనగపప్పూ కలిపి రుబ్బిన మసాలా గారెలు, బెల్లంతో సొరకాయ పాయసం. వదిన రెండోసారి పాయసం పోయించుకుని, "ఇదేం పాయసమే? ఇంత కమ్మగా ఉంది. ఎంత ఖర్చు పెట్టావో ఏమో మా కోసం" అంది.

అక్కడ నేను ఊరుకోవలసింది.

"ఖర్చా? ఎనిమిది మందికీ కలిపి మూడొందలు కాలేదు వదినా!" అన్నాను.

వదిన నమ్మలేదు. "చాల్లే, కందిపప్పే రెండొందలుంటే!" అంది. నేను వరస పెట్టి లెక్క చెప్పబోతున్నాను. ఇంతలో మా అబ్బాయి, పదకొండేళ్ళ వెధవ, వాడికి అమ్మ గొప్ప చెప్పాలని సరదా, "రోజూ ఇంకా తక్కువే అత్తా. నాన్నకి ఉద్యోగం వచ్చేదాకా అమ్మ ఇలాగే చేస్తుంది" అనేశాడు.

ఎవరూ మాట్లాడలేదు. మావారు విస్తట్లో చెయ్యి అలాగే పెట్టి కూర్చున్నారు. అన్నయ్యగారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. వదిన మాత్రం తమ్ముడి వంక చూసి, "ఎప్పట్నించిరా?" అంది. ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. పెరుగు కలుపుకోలేదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన పెరుగన్నం తినకుండా లేవడం నేనదే చూడటం.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక బాల్కనీలో నిలబడి ఉంటే వెళ్ళాను. పిల్లవాడు నోరు జారాడు, వాణ్ణేం అనకండి అన్నాను. "వాడినేం అంటాను? వాడికి ఆ దారి చూపించింది నువ్వు" అన్నారు. కాసేపాగి, "రోజూ కంచం ముందు కూర్చోగానే రేటు చెప్తావు. నేను తినేది ఎంతదో నాకు తెలియదనుకున్నావా? ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగదు నాకు. నాలుగు నెలల నుంచి అలాగే తింటున్నా" అన్నారు.

నాకు మొదట కోపమే వచ్చింది. నేను చీకట్లో రైతుబజారుకి పరుగెత్తేది, లైన్లో నిలబడేది, తొక్కలు కూడా పారెయ్యకుండా వండేది ఎవరి కోసం? ఒక్కరోజయినా శభాష్ అన్నారా? అదే అడిగేశాను. ఇద్దరం గొంతు పెంచకుండా పోట్లాడుకున్నాం, లోపల చుట్టాలున్నారని. అలాంటి పోట్లాటలు మరీ కష్టం.

నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మెలకువతో పడుకుని ఆలోచిస్తే ఒక్కటి తట్టింది. పద్దెనిమిదేళ్ళు ఆయన జీతంతో తిన్నాను. చీరలు కట్టాను. పుట్టింటికి వెళ్ళేటప్పుడు బస్సు ఛార్జీలు, పురుళ్ళు, మా అమ్మ కంటి ఆపరేషన్‌కి సాయం. ఒక్కరోజయినా ఆయన నేను తింటుంటే "ఇది ఇంతయింది తెలుసా" అనలేదు. అని ఉంటే నాకెలా ఉండేది? ఆ ముద్ద నాకు మాత్రం దిగేదా?

మరి నేనెందుకు చెప్పేదాన్ని? అదీ ఆలోచించాను. ఆయన్ని గుచ్చాలని కాదు. నా పనికి ఒక అంకె కనపడటం నాకదే మొదటిసారి. ఇన్నేళ్ళు వండాను, కడిగాను, తుడిచాను. దేనికీ లెక్క లేదు. ఆ ఏడాది మాత్రం పుస్తకంలో కనపడుతోంది, నేను నెలకి నాలుగు వేల రెండొందలు ఆదా చేశానని. నాకూ ఒక జీతం ఉన్నట్టు అనిపించింది. జీతం వచ్చినవాళ్ళెవరైనా ఆ మాట పదిమందికీ చెప్పుకోవాలనుకుంటారు కదా. నా దురదృష్టం, నాకు జీతం వచ్చింది ఆయన జీతం పోయిన నెలల్లో.

పొద్దున్నే ఆ మాటే ఆయనతో అన్నాను, కాఫీ ఇస్తూ. క్షమించమని కూడా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాఫీ తాగి, "ఆ పుస్తకం ఏది?" అన్నారు. చింపేస్తారేమో అనుకున్నాను. ఇచ్చాను.

వదిన వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పిల్లాడు చెప్పడమే మంచిదైంది, వాడు ఇంకా దాచుకునేవాడు" అంది. డబ్బులేమీ చేతిలో పెట్టలేదు. పెట్టి ఉంటే మావారు తీసుకునేవారు కాదని ఆవిడకి తెలుసు.

ఆ మర్నాటి నుంచి రైతుబజారు మావారి పని అయింది. ఆయనకి బేరం చెయ్యడం రాదు. మొదటి రోజు ముదిరిపోయిన బెండకాయలు తెచ్చారు. నేను ఏమీ అనలేదు, ఎండబెట్టి వరుగులు చేశాను. నెలకల్లా ఆకుకూరల ఆవిడ ఆయన్ని "అన్నా" అని పిలిచి కట్టకి కట్ట కొసరు వెయ్యడం మొదలుపెట్టింది. లెక్క పుస్తకమూ ఆయనే రాసేవారు. భోజనాల దగ్గర అంకెలు చెప్పడం నేను మానేశాను. చెప్పాలని నాలుక దురద పెట్టేది, అబద్ధమెందుకు? వడియం కొరికేదాన్ని.

డిసెంబరులో ఒకరోజు ఏదో వెతుకుతూ ఆ పుస్తకం తెరిచాను. మావారు అకౌంట్స్ మనిషి కదా, నా గజిబిజి రాతకి పక్కన గీతలు కొట్టి, ఎడమ పక్క రాబడి, కుడి పక్క ఖర్చు అని తీర్చి రాశారు. పీఎఫ్ డబ్బులు రాబడిలో ఉన్నాయి. అప్పట్లో రెండు నెలలు ఉద్యోగం లేకుండా గడిస్తేనే అది మొత్తం తీసుకోనిచ్చేవారు, అందుకని అవి వచ్చేసరికి దసరా దాటింది. నా గాజుల మీద తెచ్చిన అప్పు ఉంది. దాని కింద ప్రతి నెలా ఒక వరస. "వంటింటి మిగులు: 4,200." ఒక నెల 4,150. ఒక నెల 4,300. అది ఖర్చు తగ్గడం కదా, రాబడిలో ఎలా రాస్తారు? నాకు లెక్కలు రాకపోయినా ఆ మాత్రం తెలుసు. ఆయనకి తెలియదా?

కుడి పక్క ఆయన సొంత ఖర్చులు చూశాను. ఇంటర్వ్యూకి వెళ్ళిన తేదీలున్నాయి. బస్సు ఛార్జీ అని రాసిన చోట చాలా రోజులు సున్నా. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా వెళ్ళిన రోజు కూడా సున్నానే. నేను ఆ పుస్తకం ఎక్కడిది అక్కడ పెట్టేశాను. ఆ రాత్రి పెసరపప్పు చారులో ఆయన వంతుకి నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేశాను. దాచుకున్న నెయ్యి, సంక్రాంతి అరిసెల కోసం. ఆయన చూశారు. ఏమీ అడగలేదు.

ఒక మాట కూడా చెప్పాలి. ఇది చదివి పొదుపుగా వండితే ఇల్లు గట్టెక్కుతుందని అనుకోకండి. గట్టెక్కదు. మా ఫ్లాటు వాయిదా పదకొండున్నర వేలు, నా మిగులు నాలుగు వేలు. ఆ మిగులుతో అబ్బాయి బడి ఆటో, కరెంటు బిల్లు, అమ్మాయి పుస్తకాలు వెళ్ళాయి. వాయిదాలు పీఎఫ్‌తోనూ గాజులతోనూ కట్టాం. వంటింట్లో చేసేదాని విలువ వేరు. పిల్లలు ఆ ఎనిమిది నెలలు ఆకలితో పడుకోలేదు, బడిలో డబ్బా మూత తెరవడానికి సిగ్గుపడలేదు. అంతే. అది చాలా పెద్దదే.

సంక్రాంతికి ఊరి నుంచి వస్తున్నవాళ్ళ చేత వదిన ఒక గోనెసంచి పంపింది. విప్పి చూస్తే కందులు. పొలం గట్ల మీద వేసినవి, అప్పుడే కొట్టినవి, పప్పు కూడా పట్టించలేదు. ఫోన్ చేస్తే, "కొన్నవి కావులే, గట్టు మీదవి. వాడికి అభిమానం అడ్డొస్తే గట్టు నాన్నదని చెప్పు" అంది. కందులు దోరగా వేయించి, హన్మకొండ అక్క ఇంట్లో మూలన పడి ఉన్న తిరగలి తెచ్చుకుని విసిరాను. మావారు కూడా ఒక చెయ్యి వేశారు. ఇల్లంతా వేగిన కందుల వాసన.

ఆ రోజు ముద్దపప్పు వండాను. నెలల తర్వాత. ఆవకాయ, నెయ్యి, వేడన్నం. అబ్బాయి కంచంలో పప్పు చూసి, "అమ్మా, ఇవాళ ఎంతయింది?" అని అలవాటుగా అడిగాడు. నేను మావారి వంక చూశాను. ఆయన నవ్వి, "మీ అత్తని అడగాలి" అన్నారు. అని పెరుగన్నం దాకా తిన్నారు.

మరుసటి నెల, ఫిబ్రవరిలో, జీడిమెట్లలో ఉద్యోగం దొరికింది. జీతం పాతదానికంటే ఏడు వేలు తక్కువ. ఇప్పటికీ అక్కడే. కందిపప్పు మళ్ళీ దిగింది, గాజులు విడిపించాం. పచ్చిపులుసు మాత్రం వారానికొకసారి ఉండాల్సిందే, అదీ ఆయనే అడుగుతారు. నువ్వులు వేయించేటప్పుడు పక్కన నిలబడి, మాడ్చకు మాడ్చకు అని నా ప్రాణం తీస్తారు.

మీ ఇంట్లోనూ ఎవరికైనా అలాంటి రోజులు నడుస్తుంటే, పైన రాసిన వంటలు వాడుకోండి. లెక్క కూడా రాయండి, తప్పకుండా రాయండి. అది అన్నం దగ్గర కాకుండా ఇంకెప్పుడైనా, ఇద్దరూ కూర్చుని చూసుకోండి.

మా అమ్మాయి సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసింది. గుడ్డు పులుసు కుదిరిందట, రూమ్‌లో ముగ్గురూ తిన్నారట. "ఎంతయిందో తెలుసా అమ్మా?" అంది. చెప్పు చెప్పు అన్నాను. నాకింకా ఆ సరదా పోలేదు.